కసూరి అంటే జపాన్ ఇక్కతే! సాలార్‌జంగ్ నుంచి పోచంపల్లి దాకా

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సెక్కి వరంగల్ హైవే మీద పోతే పోచంపల్లి. అదే మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, ఎంజీబీఎస్‌లో దిగి ఆటో పట్టుకుంటే సాలార్‌జంగ్ మ్యూజియం. నాచారం వాళ్లయితే హబ్సిగూడలో ఎక్కండి. ఈ రెండింటినీ కలిపేది ఏంటో తెలుసా? జపాన్!

సాలార్‌జంగ్‌లో మనం గడియారం, ముసుగు రెబెక్కా చూసి బయటికొచ్చేస్తాం. ఈసారి ఈస్టర్న్ బ్లాక్‌కి వెళ్లండి, జపాన్ గ్యాలరీ ఉంటుంది. సత్సుమా, ఇమారి పింగాణీ, సమురాయ్ కత్తులు, పట్టు మీద ఎంబ్రాయిడరీ. 1868 తర్వాత, మేజీ కాలంలో, జపాన్ వాళ్లు విదేశీయులకి అమ్మడానికే ఇలాంటివి బోలెడు తయారుచేశారు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ లాంటి సంపన్నులు కొన్నారు. అందుకే అన్నీ మెరిసే సరుకే.

అక్కడి మామూలు జనం కట్టుకున్న బట్ట వేరు. దాని పేరు కసూరి. నూలుకి ముందే ముడులేసి, నీలిమందులో ముంచి, తర్వాత నేస్తారు. ఎక్కడో విన్నట్టుందా? అచ్చం మన చిటికి పనే!

క్యూషూ దీవిలో కురుమె అనే ఊరుంది. అక్కడ ఇనోఉయె దెన్ అనే అమ్మాయి, 1788లో పుట్టింది. పన్నెండు పదమూడేళ్లప్పుడు వెలిసిపోయిన పాత బట్ట మీద తెల్లమచ్చలు చూసి, ఇవెలా వచ్చాయా అని పోగు పోగూ విప్పి చూసిందట. మన భాషలో రివర్స్ ఇంజినీరింగ్! కురుమె కసూరి అలా మొదలైందని అక్కడ చెప్పుకుంటారు. 1957లో జపాన్ ప్రభుత్వం ఆ విద్యని ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా గుర్తించింది. ఇలాంటి విద్యల్లో మేటి అనిపించుకున్న కళాకారులకి వ్యక్తిగతంగా 'లివింగ్ నేషనల్ ట్రెజర్' గుర్తింపు ఇచ్చి, ఏడాదికి 20 లక్షల యెన్‌లు ఇస్తారు. బట్టని అద్దాల్లో పెట్టడం ఒకటి, నేసే మనిషిని నిలబెట్టడం ఇంకోటి. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది.

మన దగ్గర సంగతి? 'మల్లేశం' సినిమా చూశారుగా. ఒక్క చీరకి ఆసు పొయ్యాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అంటే, ఈ విద్య బతకడానికి మన దగ్గర ఒక కొడుకు సొంతంగా మెషీన్ కనిపెట్టాల్సొచ్చింది.

పోచంపల్లి ఇక్కత్‌కి 2005 ప్రాంతంలో జీఐ గుర్తింపు వచ్చింది. అయినా ప్రింట్ కొట్టిన గుడ్డని ఇక్కత్ పేరుతో అమ్మేస్తున్నారు. అసలుదైతే నేతగాళ్లు రోజులకి రోజులు ముడులేస్తారు. నకిలీది మెషీన్ మీద నిమిషాల్లో అయిపోతుంది. రేటులో వీళ్లు దానితో ఎలా పోటీ పడతారు చెప్పండి?

కొనేటప్పుడు చీర తిరగేసి చూడండి. అసలుదానికి రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కొంచెం అల్లుకుపోయినట్టుంటాయి. ప్రింట్‌కి వెనక రంగు వెలవెలబోతుంది, అంచులు గీత గీసినట్టుంటాయి. అనుమానమొస్తే కొంగు చివర ఒక పోగు లాగి చూపించమనండి. ఆ పోగు మీదే రంగు మారుతూ ఉంటే ఓకే.

అన్నట్టు, మ్యూజియంకి శుక్రవారం సెలవు. ఆ రోజు పోచంపల్లి పెట్టుకోండి.