సముద్రజీవశాస్త్రము – మన బాలబాలికలు
(హైదరాబాదు మాదాపురమున జరిగిన వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



కడలి యొడ్డున బుట్టి వలలతో జీవించిన మన పెద్దల సంతతి నేడు సముద్రమునకు బహుదూరమున, హైటెక్ సిటీ సౌధముల నడుమ సభ తీరుట కాలమహిమ. 1998లో సైబర్ టవర్స్ వెలసినది మొదలు ఈ ప్రాంతము మన యువకుల కన్నము పెట్టినది. అందులకు మనము కృతజ్ఞులము. అయినను నేడొక విన్నపము చేయ నిలిచితిని.

మనలో నొక బాలిక కలదు. తండ్రి గచ్చిబౌలిలో కంప్యూటరు ఉద్యోగి. ఆమె ప్రతి వేసవియందును భీమునిపట్టణమున తాతగారి యింటికేగి, ఒడ్డునబడిన గవ్వలను, పీతలను, చేపలను జూచి, ఒక్కొక్కదాని పేరు తాత నడిగి వ్రాసికొనుచుండెడిది. పెరిగిన పిమ్మట సముద్రజీవశాస్త్రము చదివెదననెను. అంత తండ్రి, "చేపల సంగతికి కాలేజీ యేల? మన తాతలు చదువకయే పట్టిరి గదా! ఆ బ్రతుకు తప్పించుకొనుటకే గదా నేను చదివితిని!" అనెను.

ఈ మాటలోని బాధ నేనెరుగుదును. వేటకు పోయి తిరిగిరాని వారిని దలచి కంట నీరు పెట్టని యిల్లు మనలో నరుదు. కాని యందలి న్యాయము నంగీకరింపజాలను. మన తాతలు నీటి రంగును, గాలి పోకను, పక్షుల గుంపులను జూచి చేపల యునికి నెరిగిరి. అది శాస్త్రము గాక మరేమి?

దీనికి సాక్ష్యము ఈ నగరముననే కలదు. ప్రగతినగరమున 1999లో స్థాపితమైన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము, అనగా ఇన్‌కాయిస్, ఉపగ్రహములు చూపు నీటి వేడిమినిబట్టియు, పత్రహరితమునుబట్టియు, చేపలు దొరకదగిన తావులను బెస్తలకు దెలుపుచున్నది. పత్రహరితమున్నచోట కంటి కానని సూక్ష్మవృక్షములుండును. వానిని దిను చిరుజీవులుండును. ఆ జీవులకై చేపలు చేరును. తాత కన్నుతో జూచిన నీటి రంగునే నేడు ఉపగ్రహము చూచుచున్నది. 2004 డిశంబరు 26నాటి సునామీ యనంతరము, 2007లో హెచ్చరికా కేంద్రమును ఇచ్చటనే నెలకొల్పిరి.

అయితే యంత్రము రంగును జూపును గాని, ఏ చేప యెన్నడు గ్రుడ్లు పెట్టునో, ఎంత పట్టిన జాతి నశింపకుండునో చెప్పుటకు జీవశాస్త్రజ్ఞుడు వలయును. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవల వేట నాపుటకు మూలము ఆ జ్ఞానమే. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు ఆచార్య పి. ఎన్. గణపతిగారు సముద్రజీవుల పరిశోధనకు బాట వేసిరి. 1947లో స్థాపితమైన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థకును అచ్చట శాఖ కలదు. జంతుశాస్త్రమున పట్టము పొందినవారు ఈ విద్య నభ్యసింపవచ్చును. ఇందు ఉద్యోగములు కొలది; జీతమును కంప్యూటరు కొలువులకు సాటిరాదు. ఈ సంగతి దాచుట ధర్మము గాదు. కాని వలవేయువాని కష్టమును పుట్టుకతో నెరిగిన బిడ్డ ఈ విద్య నేర్చినచో, ఆ ఫలము తీరమునంతటికిని జెందును.

అమరసింహుడు సముద్రమునకు రత్నాకరమనియు, యాదఃపతి యనియు పేళ్లు చెప్పెను. మొదటిది రత్నములకు గని. రెండవది జలజంతువులకు ప్రభువు. మనము మొదటి పేరునే జపించుచున్నాము. రెండవ పేరు మన కులవృత్తికి నాథుడైనవానిది.

కావున దాతలారా! మన సంఘ విద్యార్థివేతనములు ఇంజనీరింగు చదువులకే పోవుచున్నవి. అందొక్కటి ఏటేట సముద్రజీవశాస్త్రమునకు, అందును బాలికలకు ముందుగా, కేటాయింపుడు. తలిదండ్రులారా! సెలవులలో బిడ్డలను తాతల యొడ్డుకు బంపుడు. ఈ తీర్మానము నేటి సభయందే నెగ్గునని నమ్ముచున్నాను.