ఆటగాని వెల, మారకపు విలువ



అనకాపల్లి బెల్లపు మార్కెట్టులో వర్తకుడు పాడిన పాట ఆనాటి ధరను మాత్రమే తెలుపును. అతడా సరకును మారుబేరమునకు పెట్టినపుడు కొనవచ్చినవాడు దిమ్మ రంగును, గట్టితనమును చూచి తన ధర తాను చెప్పునే కాని, మొదట నెంత పోసి కొనిరని విచారింపడు. ఇచ్చిన వెల వేఱు, తిరిగి వచ్చు విలువ వేఱు. ఈ భేదమును మఱచుటవలన క్రికెట్టు జట్ల యజమానులకు గలిగిన చిక్కులను గూర్చి నేడు ముచ్చటింతును.

ఇండియన్ ప్రీమియర్ లీగులో ఆటగాండ్రను వేలమున కొందురు. 2025వ సంవత్సరపు ఆటలకు ఒక్కొక్క జట్టు 120 కోట్ల రూపాయలకు మించి వెచ్చింపరాదని కట్టడి. ఆ సొమ్ముతోనే ఇరువదియైదుగురి వఱకు సమకూర్చుకొనవలెను. 2024 నవంబరులో జెడ్డా నగరమున జరిగిన వేలములో లక్నోవారు రిషభ్ పంతును 20 కోట్ల 75 లక్షలకు పాడిరి. అతని పూర్వపు జట్టగు ఢిల్లీవారు తమ హక్కు ననుసరించి ఆ ధరకే అతనిని తీసికొందుమనిరి. తుదిమాట చెప్పు అవకాశము నిబంధన ప్రకారము లక్నోవారికి వచ్చెను. వారు ఒక్కసారిగా 27 కోట్లనిరి, ఢిల్లీవారు విరమించుకొనిరి. పోటీదారుడు ఎంతవఱకు వచ్చునో తెలియక భయముతో పలికిన ధర యది. మొత్తపు సొమ్ములో అయిదవవంతుకు పైగా ఒక్కని పాలయ్యెను.

2025 మార్చి 24వ తేదీన ఆ రెండు జట్లును మన విశాఖపట్టణములోనే తలపడినవి. పంతు ఆరు బంతులాడి సున్నకే వెనుదిరిగెను. 3 కోట్ల 80 లక్షలకు కొనబడిన ఆశుతోష్ శర్మ 31 బంతులలో 66 పరుగులు తీసి ఢిల్లీని ఒక్క వికెట్టుతో గెలిపించెను. ఒక్కనాటి ఆటను బట్టి మనుష్యుని తూచరాదు, నిజమే. కాని ఆ యేడు పంతు మొత్తము చేసినవి 269 పరుగులు. అందు 118 చివరియాట లోనివే. ఇందు ఆటగానిని నిందింప బనిలేదు. ధర కట్టినవాడు అతడు కాడు. ఆ సొమ్ముతో కొనదగియు కొనలేకపోయిన మంచి బౌలర్లే ఆ జట్టునకు అసలు నష్టము.

అట్టి యాటగానిని వేఱొకరితో మార్చుకొనరాదా యని మీరడుగవచ్చును. మారకమున ఆటగానితోబాటు అతని ఒప్పందపు భారమును వచ్చును. కావున కొనువాడు వెనుకాడును. 2025 నవంబరులో రవీంద్ర జడేజా చెన్నైనుండి రాజస్థాన్ జట్టునకు మారినపుడు అతని వేతనము 18 కోట్లనుండి 14 కోట్లకు తగ్గెను. కలకత్తావారు 23 కోట్ల 75 లక్షలకు కొనిన వేంకటేశ్ అయ్యరును ఒక్క యేటికే విడిచిపెట్టిరి. మఱుసటి నెల వేలములో బెంగళూరువారికి అతడు 7 కోట్లకే లభించెను. అమెరికావారి బేస్‌బాల్ ఆటలోను ఇంతే. అలెక్స్ రోడ్రిగెజ్ అనువానికి టెక్సాస్ జట్టు 2000లో పదియేండ్లకు 25 కోట్ల 20 లక్షల డాలర్లు ఒప్పుకొనెను. 2004లో అతనిని న్యూయార్కు జట్టునకు ఇచ్చునపుడు, వేతనములో 6 కోట్ల 70 లక్షల డాలర్లు తామే చెల్లింతుమని ఒప్పుకొనవలసివచ్చెను. ఆవును అప్పగించి గ్రాసమును తామే పంపినట్లయ్యెను.

ఇక మన విశాఖ యువకుడు నితీశ్ కుమార్ రెడ్డిని చూడుడు. హైదరాబాదు జట్టువారు అతనిని 20 లక్షలకే కొనిరి. 2024లో అతడు 303 పరుగులు చేసి, వర్ధిల్లుచున్న ఆటగాండ్రలో మేటి యను బహుమానము పొందెను. అట్టి ఒప్పందమునకే మారకమున గిరాకి యుండును. పిదప వారే అతనికి 6 కోట్లిచ్చి నిలుపుకొనిరి. నాటినుండి అతని ఆటను ఆ క్రొత్త ధరతోనే తూచవలెను.

మీ గ్రామములలోను చెరువు చేపలకు, సంత ఆశీలుకు పాటలు జరుగును. పాడబోవునపుడు ఎదుటివాని పట్టుదలను చూడక, రేపు దీనిని నావద్దనుండి ఎవరెంతకు తీసికొందురని ముందుగా లెక్కించుకొనుడు. ఆ లెక్కకు మించిన పాట ఎదుటివాడు పాడినచో, అతనికే విడిచి ఇంటికి పొండు.