సంఘపు దస్త్రములు – నకళ్ల బెడద

మన సభ్యుల పట్టిక, విద్యార్థివేతనముల పట్టిక, విరాళముల పట్టిక మూఁడు డేటాబేసులలో నున్నవి. ఒకే ధ్రువపత్రము మూఁడింటను నకలై కూర్చున్నది. చిరునామా యొకచోట దిద్ది తక్కినచోట్ల మఱచినచో, వేతనపుటుత్తరువు పేదబాలునకుఁ జేరునా?

ఎడ్గార్ కాడ్ 1970లో ప్రకటించిన పట్టికల పద్ధతి యిట్టి చిక్కునకు మందు: విషయ మొక్కచోట నుంచి, తక్కినచోట్ల దానిని గుర్తించు సంఖ్యను మాత్రము వ్రాసికొనుట. మనకు సభ్యసంఖ్య యందులకుఁ జాలును.

పేర్లు వేఱైనను, ఫైళ్లలోని విషయము పొల్లుపోక యొకటే యైనచో షా-256 అను గణనమున ఫలిత మొకటే వచ్చును. దానిచే నకళ్లను బట్టవచ్చును. చూచి తీసివేయుఁడు, తొందర వలదు. వేఱొక యూర భద్రపఱచిన రక్షణప్రతిని మాత్రము ముట్టకుఁడు. అది వృథా నకలు గాదు.

కార్యదర్శిగారు విద్యార్థివేతనముల పట్టికతో నీ యేఁటనే యారంభింతురుగాక యని నా మనవి.