పూలపాత్రలో నీళ్లు

మీ ఇంట్లో బల్లమీద ఒక పూలపాత్ర ఉండవచ్చును. అందులోవి ప్లాస్టిక్ పూలయితే వాటితో ఈ పూట నాకు పనిలేదు. చెట్టునుండి కోసి తెచ్చిన పూల గురించే నేను మాట్లాడుతున్నాను.

మాది ముక్తేశ్వరం. గౌతమీ గోదావరికి ఈ ఒడ్డున మేము, ఆ ఒడ్డున కోటిపల్లి. మా అమ్మగారిని ఇక ఇంటికి తీసుకువెళ్లమని ఆసుపత్రివారు చెప్పిన తరువాత, పొరుగింటి సహోదరి ఒకరు తమ పెరటి గులాబీలు, నాలుగు లిల్లీ కాడలు తెచ్చి ఇచ్చారు. వాటిని స్టీలు చెంబులో పెట్టి, నీళ్లు పోసి, అమ్మ మంచం ప్రక్కన స్టూలుమీద ఉంచాను. పంటు ఎక్కి అవతలి ఒడ్డున కూటములకు వెళ్లిపోయాను. మరునాడు అదే పని. ఆ మరునాడూ అంతే.

మూడవ రోజు రాత్రి ఇంటికి వచ్చి మంచం దగ్గర మోకరించబోతే అమ్మ ఆపింది. "ఒరేయ్ అబ్బాయ్, ఊరందరికీ ప్రార్థన చేసొస్తున్నావు. ముందు ఈ చెంబు వాసన చూడరా" అన్నది.

చూశాను. నీళ్లు జిగటగా మారి కంపు కొడుతున్నాయి. మునిగిన ఆకులు నల్లబడి కుళ్లిపోయాయి. మంచంమీదనుండి లేవలేని మనిషి మూడు రోజులు ఆ వాసన పీలుస్తూ పడుకున్నది. నేను చెంబు తీసుకొని పెరటిలోకి వెళ్లాను. ఆ రాత్రి ప్రార్థన ఎలా చేశానో నాకు జ్ఞాపకం లేదు.

సెమినరీలో నాకు గ్రీకు భాష నేర్పారు, ప్రసంగశాస్త్రం నేర్పారు. పూలకాడ కోయడం నేర్పినది మాత్రం కడియపులంక పూలమార్కెట్టులో ఒక పెద్దాయన. "పాస్టరుగారూ, కత్తెర పెట్టకండి, కాడ నలిగిపోద్ది. పదునైన చాకుతో ఏటవాలుగా కొయ్యండి" అన్నారు. కాడ లోపల సన్నని గొట్టాలుంటాయి. కోసిన చోట గాలి చేరినా, నీళ్లలో పెరిగే సూక్ష్మక్రిములు అడ్డుపడినా, పూవు నీళ్లలో నిలబడే దాహంతో వాడిపోతుంది. అందుచేత నీళ్లు మార్చిన ప్రతిసారీ కాడ చివర అంగుళం మేర మళ్లీ కోయాలి. నీటి మట్టానికి క్రింద ఒక్క ఆకు కూడా ఉండకూడదు. పాత్రను సబ్బుతో తోమాలి; చాలామంది నీళ్లు పారబోస్తారు గాని పాత్ర తోమరు. ఉదయం ఎండ ఎక్కకముందు కోసిన పూలు మేలు. ఫ్యాను గాలి తిన్నగా తగలనివ్వవద్దు.

మన కోనసీమ ఇళ్లకు మరొక మాట చెప్పాలి. పండుతున్న అరటిగెల ఉన్న గదిలో పూలు పెట్టకండి. పండే కాయలనుండి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. కాయను పండించేది అదే, చాలా రకాల పూలను త్వరగా వాడ్చేదీ అదే. ఇక నీళ్లలో ఆస్పిరిను వేయమనేవారు, రాగి నాణెము వేయమనేవారు ఉన్నారు. వేస్తే వేయండి గాని, నీళ్లు మార్చడం మానవద్దు. చక్కెర ఒక్కటే కలిపితే పూలకంటె ముందు క్రిములకే విందు.

ఇంత చేసినా, రెండు రోజులకు పోయేవి నాలుగైదు రోజులు ఉంటాయి, అంతే. ఒక ఉదయం కాడలు కోస్తూ నేనే విసుక్కున్నాను: "ఎందుకమ్మా ఇంత శ్రమ? ఎల్లుండికి వాడిపోయేవే గదా."

"ఎల్లుండి దాకా ఉంటాయి గదరా. చాలదేంట్రా?" అన్నది అమ్మ.

ప్రియులారా, మత్తయి సువార్త 6వ అధ్యాయములో ప్రభువు పూలను చూపించిన సంగతి మీకు తెలుసు. అక్కడ గ్రీకు మాట ఏ పూవును గురించినదో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కొందరు లిల్లీ అంటారు, కొందరు పొలాల్లో పూసే ఎర్రని అనిమోనీ అంటారు. మన తెలుగు తర్జుమాలో అడవిపువ్వులనే ఉన్నది, నాకదే బాగున్నది. అయితే ఆ తరువాతి మాట మనం గబగబా చదివి దాటిపోతాము. రేపు పొయ్యిలో పడబోయే గడ్డి అని ప్రభువే చెప్పాడు. కట్టెలు కరువైన ఆ దేశములో ఎండిన గడ్డిపూలు రొట్టెల పొయ్యికి వంటచెరకు. ఆ పూలకు ఒక్క దినమే ఉన్నదని ఎరిగియుండి కూడ దేవుడు వాటిని సొలొమోనుకంటె అందముగా అలంకరించాడు. ఒక్క దినమే గదా అని ఆయన రంగు తగ్గించలేదు.

ఈ అధ్యాయముమీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. అమ్మ ఆ మాట అనేవరకు నాకు ఈ సంగతి తట్టలేదు.

అప్పటినుండి రోజూ ఉదయం పంటు ఎక్కకముందు చెంబు తోమి, కాడలు కోసి, కొత్త నీళ్లు పోసేవాడిని. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలలో అమ్మ తన చిన్ననాటి వరదల సంగతులు చెప్పేది, నాన్నగారిమీద ఫిర్యాదులు చెప్పేది, నేను అంతవరకు ఎన్నడూ అడగనివి ఎన్నో చెప్పేది. లిల్లీ కాడకు పూలు క్రిందినుండి పైకి విచ్చుకుంటాయి; క్రింద వాడినవి గిల్లివేయమని చేయి చూపేది.

ఆమె ప్రభువునందు నిద్రించిన ఉదయం కూడా నీళ్లు మార్చాను. కాడ చివర ఇంకా మూడు మొగ్గలున్నాయి. రెండు విచ్చుకున్నాయి.