ఒక్క అడుగు పక్కకి వేస్తే చెదిరిపోయే బొమ్మ

మన రోడ్ల పక్కన చెట్లకి సున్నం, ఎర్రరంగు పట్టీలు వేస్తారు కదా, చూసే ఉంటారు. ఒక పెయింటర్ అలాంటి పట్టీలతోనే ఒక అడవిని పెయింటింగ్‌గా మార్చేశారు. ఆయన అగుస్తిన్ ఇబర్రోలా. 1930లో ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో పుట్టారు.

1957లో పారిస్‌లో తోటి స్పెయిన్ ఆర్టిస్టులతో కలిసి ‘ఎక్విపో 57’ అనే గ్రూపు పెట్టారు. వాళ్ళ బొమ్మల్లో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, వంపులూ రంగులే. బొమ్మ వేరు, వెనక ఖాళీ వేరు కాదు, ఖాళీ కూడా బొమ్మే అనేది వాళ్ళ వాదన. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

ఫ్రాంకో నియంతృత్వాన్ని ఎదిరించినందుకు 1960లలో రెండుసార్లు జైలుకెళ్ళారు. 1975లో అతి మితవాదులు ఆయన ఇల్లు తగలబెట్టారు. ఆ తర్వాత గెర్నికా దగ్గర ఓమా లోయలో ఒక పాత రైతు ఇంట్లో స్థిరపడ్డారు. అవును, 1937లో బాంబులు పడ్డ గెర్నికాయే. దగ్గర్లోనే సాంతిమామిన్యె గుహ ఉంది. దాని గోడల మీద వేల ఏళ్ళనాటి మనుషులు గీసిన అడవిదున్నలు, గుర్రాలు ఉన్నాయి. వాళ్ళు రాతి మీద గీస్తే, ఈయన 1982 నుంచి పైన్ చెట్ల మీద మొదలుపెట్టారు.

అసలు మజా ఇక్కడుంది. ఒక్కో చెట్టు దగ్గరికెళ్ళి చూస్తే ఓ రంగు ముక్క, అంతే. నిర్ణయించిన చోట నిలబడితే మాత్రం ముందూ వెనకా ఉన్న చెట్ల మీది ముక్కలన్నీ అతుక్కుని ఇంద్రధనుస్సు అవుతాయి. ఒక్క అడుగు పక్కకి వేశామా, చెదిరిపోతుంది. ఇంకోచోట చెట్ల నిండా కళ్ళే, మనల్నే చూస్తుంటాయి!

ఎటా హింసను కూడా ఆయన బహిరంగంగా వ్యతిరేకించారు. 2000లో ఎటా మద్దతుదారులు ఆ చెట్ల మీద పడ్డారు. ఇల్లు కాల్చింది ఒక పక్షం, చెట్లు నరికింది దాని శత్రుపక్షం. అడవి దాన్ని కూడా తట్టుకుంది గానీ ఫంగస్‌ని తట్టుకోలేకపోయింది. ఆ పైన్ జాతి అక్కడిది కాదు లెండి, కలప కోసం నాటిన కాలిఫోర్నియా చెట్టు. తెగులు సోకడంతో పాత అడవిని మూసేసి, దగ్గర్లోని ఇంకో అడవిలో ఆ బొమ్మల్ని మళ్ళీ వేశారు.

ఇది బ్యాకప్ రీస్టోర్ చేసినంత తేలిక కాదండి. కొత్త చెట్లు పాతవి ఉన్న వరసలో ఉండవు, లావూ అంతే ఉండదు. చూసే చోటు నుంచి ప్రతి ముక్కనీ మళ్ళీ లెక్కగట్టాలి. మరి ఇది ఒరిజినలేనా? నా లెక్కలో, బొమ్మ వరకు ఒరిజినలే. ఖాళీ కూడా బొమ్మే అన్న మనిషి కదా, ఆయన వేసిందంతా చెట్ల మధ్యే ఉంది. కానీ చెట్టు పెరిగేకొద్దీ బెరడుతో పాటు పగిలిన ఆ పాత రంగు మాత్రం పోయినట్టే.

కొత్త అడవి 2023లో తెరిచారు. అదే ఏడాది నవంబర్‌లో, 93 ఏళ్ళ వయసులో ఇబర్రోలా చనిపోయారు.

ఫోటోలు వెతికి చూడండి, బాగుంటాయి. కాకపోతే వాటిలో చాలావరకు సరిగ్గా ఆ చోట నిలబడి తీసినవే. బొమ్మ చెదిరిపోవడం వాటిలో కనపడదు.