సిరలను చూపు వెలుగు
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల ఎదుట చేసిన ప్రసంగము)



చెన్నపురికి ఈశాన్య ఋతుపవనము వచ్చినదనగా డెంగీ జ్వరముల భయమును వచ్చును. ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికి బిడ్డను ఎత్తుకొని పరుగెత్తినవారు మనలో కొందరైనను ఉందురు. ఆ జ్వరమున ప్లేట్‌లెట్ల సంఖ్యను, రక్తము చిక్కబడు తీరును మరల మరల పరీక్షింపవలసి యుండును. బిడ్డ చేయి చిన్నది. ఒంటిలో నీరు తగ్గి సిరలు అణగియుండును. "నరము దొరకలేదు" అన్న మాట అపుడు మనకు వినవచ్చును. (నిజమునకు సూది దిగునది సిరలోనికే. అయినను మనమును, తమిళ సోదరులును వాడుకలో రెంటిని ఒకే మాటతో పిలుచుచున్నాము.)

ఆ సిరను కంటికి చూపు యంత్రములు ఇపుడు కలవు. ఎరుపునకు ఆవల కంటికి కానరాని కిరణములు కలవని 1800లో విలియం హెర్షెల్ ఉష్ణమాపకముతో కనుగొనెను. ఈ పరారుణ కిరణములలో ఎరుపునకు చేరువనున్నవి చర్మమును కొంత లోతు వరకు చొచ్చును; రక్తములోని హీమోగ్లోబిన్ వానిని పీల్చుకొనును. కావున కెమేరాకు సిరలు నల్లని గీతలుగా అగపడును. అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయమున హెర్బర్ట్ జీమన్ ఆ చిత్రమును తిరిగి చేతిమీదనే పడునట్లు చేసెను. ఆకు ఈనెలవలె సిరలు చర్మముపై తోచును. ఎక్స్-రేల వంటి కిరణములు ఇందు లేవు.

అయితే యంత్రమున్నంతమాత్రమున మొదటి పోటుకే రక్తము వచ్చునని తలంపరాదు. పిల్లలపై జరిగిన పరీక్షలను కలిపి చూడగా, అందరికిని మేలు కానరాలేదు; సిర దొరకుట కష్టమైన బిడ్డలకే ఉపయోగము కనబడినది. లోతుననున్న సిర ఇందు కానరాదు. కనబడినది ఎంత లోతున నున్నదో చిత్రము చెప్పదు. అది నర్సు వేలికొనకే తెలియవలెను.

మన వంతు పని వేరొకటి కలదు. అల్లరి చేసినపుడెల్ల "డాక్టరుచే సూది వేయింతును" అని బెదరించు అలవాటును మానవలెను. అట్లు పెరిగిన బిడ్డకు ఆసుపత్రి దండనాస్థలముగానే తోచును. పరీక్ష ముందుగా నిశ్చయమైనచో, చర్మమును మొద్దుబరచు లేపనము గలదేమో వైద్యుని అడుగుడు. దానిని సుమారు 1 గంట ముందు పూయవలెను. బిడ్డను పరుండబెట్టి అదిమిపట్టుటకంటె ఒడిలో నిటారుగా కూర్చుండబెట్టుకొనుట మేలు. టీకాల విషయమున ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో ఈ మాటయే చెప్పినది.

యంత్రమున్నచోట నర్సు అనుమతితో తండ్రి తన చేతినే మొదట దాని క్రింద నుంచవచ్చును. వెలుగు నొప్పింపదని బిడ్డ చూచును. సూది మాత్రము కొంచెము నొప్పించునని ముందే చెప్పుడు.