ఒకే బిడ్డ, నాలుగు రిజిస్టర్లు
(సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మన భాష గురించి, గుస్సాడీ గురించి, జాతరల గురించి మాట్లాడుకుంటాం. ఇవాళ నేను లెక్కలోకి రాని మనవాళ్ల గురించి, అంటే వైకల్యం ఉన్నవాళ్ల గురించి మాట్లాడతాను.

నేను హాస్టల్ వార్డెన్‌ను కాబట్టి రిజిస్టర్లతోనే మొదలుపెడతాను. రెండు చెవుల్లోనూ ఏళ్ల తరబడి చీము కారి, సరిగా వినపడని ఆడపిల్ల ఉందనుకోండి. అడ్మిషన్ ఫారంలో తండ్రి ‘ఏమీ లేదు’ అని రాయిస్తాడు. ఏఎన్ఎం రిజిస్టరులో ‘చెవిలో చీము, మందు ఇచ్చాం’ అని ఉంటుంది. యూడైస్‌లో టీచరు ‘వినికిడి లోపం’ అని నమోదు చేస్తారు. సదరం జాబితాలో పేరే ఉండదు, ఎందుకంటే క్యాంపుకు ఎవరూ తీసుకుపోలేదు. బిడ్డ ఒక్కతే, రిజిస్టర్లలో మాత్రం నలుగురు. వినికిడి మిషన్లు ఇచ్చే రోజు ఏ రిజిస్టరు చూస్తే ఆ పిల్ల దొరుకుతుంది? ఈలోగా ఆమె వెనక బెంచీలో కూర్చుని మొద్దు అనిపించుకుంటుంది. ఒకరోజు ఇంటికి పోయి మళ్లీ రాదు.

పై లెక్కలు కూడా ఇలాగే ఉన్నాయి. 1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలు, 2016 చట్టంలో 21. 2001 జనగణనలో 5 రకాలు అడిగారు, 2011లో 8 అడిగారు. 2011లో దేశం మొత్తం మీద 2 కోట్ల 68 లక్షల మంది, అంటే నూటికి 2.21 మంది అని తేలింది. సర్టిఫికెట్ దగ్గరికొస్తే 40 శాతం ఉందా లేదా అని చూస్తారు. అడిగే తీరు మారితే మనిషి లెక్కలోకి వస్తాడు, పోతాడు.

‘మీ ఇంట్లో వికలాంగులు ఉన్నారా?’ అని అడిగితే మనవాళ్లు లేరనే అంటారు. ఆ మాటకు కాలో చెయ్యో లేనివాళ్లనే అర్థం చేసుకుంటారు. పిల్ల పెళ్లి చెడిపోతుందన్న భయం కూడా ఉంటుంది. అందుకే ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం కింద 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ ఆరు ప్రశ్నలు తయారుచేసింది. చూడటం, వినడం, నడవడం, గుర్తుపెట్టుకోవడం, సొంత పనులు చేసుకోవడం, మాట అర్థమయ్యేలా చెప్పడం. వీటిలో ఇబ్బంది లేదా, కొంత ఉందా, చాలా ఉందా, అసలు చేయలేరా? ఏ ఒక్కదానికైనా ‘చాలా’ లేదా ‘అసలు చేయలేరు’ అని వస్తే లెక్కలో చేరుస్తారు. పిల్లల కోసం యునిసెఫ్‌తో కలిసి వేరే ప్రశ్నలు కూడా తయారుచేశారు.

అయితే ఈ ప్రశ్నలకు సికిల్ సెల్ దొరకదు. నొప్పులు వచ్చిన వారం పిల్లవాడు మంచం దిగడు, తర్వాతి వారం కబడ్డీ ఆడతాడు. బాగున్న రోజు అడిగితే ఆరింటికీ ‘ఇబ్బంది లేదు’ అనే వస్తుంది. 2016 చట్టంలోని 21 రకాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. 2023లో మొదలైన జాతీయ మిషన్ కింద 40 ఏళ్ల లోపు వాళ్లకు రక్తపరీక్షలు చేస్తున్నారు. ఆ ఫలితం ఆరోగ్య రిజిస్టరులోనే ఆగిపోతే బడికి తెలియదు. వాహకులను మాత్రం జబ్బు ఉన్నవాళ్లతో కలిపి రాయకూడదు.

సంఘాన్ని కోరేవి మూడు. ఒకటి, ఈ ప్రశ్నలకు గోండిలో, కోలామిలో సరైన మాటలు మన పెద్దలే కూర్చుని ఖాయం చేయాలి. ‘కుంటి’, ‘చెవిటి’ అనే తిట్టుమాటలు అందులో ఉండకూడదు. రెండు, సదరం క్యాంపు తేదీ తెలిసిన వెంటనే గూడేనికి చెప్పి, తోడుగా ఒకరు వెళ్లాలి. వైకల్య గుర్తింపు కార్డు నంబరు వస్తే బడి, అంగన్వాడీ, ఆరోగ్య కేంద్రం మూడుచోట్లా అదే నంబరు రాయించాలి. మూడు, ఆ జాబితా గోడకు అంటించేది కాదు. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే పేరు బయటకు రావాలి.

రాబోయే జనగణనలో ఎన్యూమరేటరు మన గడపకు వచ్చినప్పుడు ఏ బిడ్డనూ దాచకండి. లెక్కలో లేని బిడ్డకు వాటా అడగలేం.

జై ఆదివాసీ.